మామ రీలు ఒకవైపు, నా మెమరీ కార్డు ఇంకోవైపు

ముందే చెప్పేస్తున్నా. ఇందులో రీలు అంటే మీరు బొటనవేలితో పైకి తోసే ఇన్‌స్టా రీల్ కాదు. చిన్న డబ్బాలో చుట్టుకుని ఉండే, 36 ఫొటోలు పడితే అయిపోయే, వెలుతురు తగిలితే పాడైపోయే అసలు రీలు. మా మామ కర్నూలులో దాంతోనే పదిహేనేళ్లకు పైగా పెళ్లిళ్లు తీశాడు. నేను బెంగళూరులో కోడ్ రాసుకుంటూ, ఈఎంఐ కట్టుకుంటూ ఒక కొత్త కెమెరా కొన్నా. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూద్దామనే సరదా గండికోటలో మొదలై, చివరికి ఒక బిస్కెట్ డబ్బా దగ్గరికి చేరింది.

మామది నికాన్ ఎఫ్ఎమ్2. 1991లో మద్రాసుకు పోయి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. నాది నికాన్ జెడ్ ఎఫ్‌సీ. దూరం నుంచి చూస్తే రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. అది అనుకోకుండా జరిగిందేమీ కాదు. 2021లో కంపెనీ ఈ కొత్తదాన్ని తెచ్చినప్పుడు పాత ఎఫ్ఎమ్2 రూపాన్నే తీసుకుని చేసింది. పైన అవే గుండ్రటి డయల్స్, అదే నలుపు, అదే వెండి రంగు. నేను కొన్నదీ ఆ అందం చూసే, ఒప్పుకుంటున్నా. మొదటిసారి చూపిస్తే మామ చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "ఇది నా కెమెరానే కదరా, బరువు తగ్గింది" అన్నాడు. నిజమే. ఎఫ్ఎమ్2 బాడీ 540 గ్రాములు, నాది బ్యాటరీ, కార్డుతో కలిపి 445.

ఎఫ్ఎమ్2 వచ్చింది 1982లో. సెకనులో నాలుగు వేలవ వంతు, అంటే 1/4000 షట్టర్ స్పీడు అప్పట్లో పెద్ద సంచలనం. నలభై ఏళ్ల తర్వాత వచ్చిన నా కెమెరాలోనూ గరిష్ఠ స్పీడు అదే. ఇంకో విషయం మామ చెప్పేదాకా నేను గమనించలేదు. ఫ్లాష్ వాడేటప్పుడు నా కెమెరా 1/200 దాకానే పోతుంది. మామది 1984 తర్వాతి మోడల్ (సీరియల్ నంబరు ముందు 'ఎన్' అక్షరం ఉంటుంది), అది 1/250 దాకా పోతుంది. పట్టపగలు ఎండలో ముఖం మీద నీడలు పోవాలని ఫ్లాష్ కొట్టేవాళ్లకు ఈ తేడా విలువ తెలుస్తుంది. "చూసినావా అల్లుడా" అని మామ ఆ రోజంతా అదే మాట.

అన్నిటికన్నా పెద్ద తేడా బ్యాటరీ. నా కెమెరాకు చార్జింగ్ అయిపోతే అది పేపర్ వెయిటే. ఎఫ్ఎమ్2 షట్టర్ పూర్తిగా స్ప్రింగులు, పళ్ల చక్రాల మీద నడిచేది. అందులోని రెండు గుండీ బ్యాటరీలు వెలుతురు కొలిచే మీటరుకు మాత్రమే. వ్యూఫైండర్‌లో ఎర్రగా ప్లస్, సున్నా, మైనస్ గుర్తులు వెలుగుతాయి, అంతే. బ్యాటరీలు చచ్చిపోయినా ఫొటో పడుతుంది, వెలుతురు అంచనా వేయడం మీకు తెలిస్తే. మామకు తెలుసు. ఎండలో నిలబడి కాళ్ల దగ్గర నీడ అంచు ఎంత గట్టిగా ఉందో చూసి డయల్ తిప్పేస్తాడు. నేను స్క్రీన్ మీద హిస్టోగ్రామ్ చూసి అదే అంకెకు వస్తా, కొంచెం ఆలస్యంగా.

ఏప్రిల్ ఎండలో గండికోట

ఏప్రిల్‌లో గండికోటకు పోతామంటే అమ్మ తిట్టింది. "బుద్ధున్నోళ్లు ఎవరన్నా ఎండాకాలం ఆ రాళ్లలోకి పోతారా" అని. మాది కడప. మామ ముందు రోజే నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా బస్సులో వచ్చి దిగాడు. సంచిలో తడిగుడ్డ చుట్టిన స్టీలు డబ్బా ఉంది. అన్నం అనుకున్నా. తీస్తే రెండు కొడాక్ గోల్డ్ రీళ్లు, వాటి ప్లాస్టిక్ డబ్బాల్లో భద్రంగా. వేడికి ఫిలిం రంగులు చెడిపోతాయట. మన పొడి గాలికి తడిగుడ్డ ఫ్రిజ్ లెక్క పనిచేస్తుంది. కుండలో నీళ్లు చల్లబడేది కూడా అట్లే కదా.

మధ్యాహ్నం పన్నెండుకు లోయ అంచున నిలబడ్డాం. కింద పెన్నా, రెండువైపులా పేర్చినట్టున్న ఎర్రరాళ్లు. ఫొటోగ్రఫీ క్లాసుల్లో ఈ టైముకు కెమెరా బయటికి తీయొద్దనే చెబుతారు. పోలికకు మాత్రం ఇదే సరైన పరీక్ష అయింది. గొర్రెలు తోలుకుపోతున్న ఒక పెద్దాయనను అడిగి ఇద్దరం ఫొటో తీశాం. నల్లటి ముఖం, తెల్లటి పంచె, తల మీద తెల్ల తువ్వాలు, వెనక మండిపోతున్న ఆకాశం. ముఖం బాగా రావాలని నేను వెలుతురు పెంచా. పంచె మడతలన్నీ పోయి ఒట్టి తెల్ల మచ్చ మిగిలింది. తగ్గిస్తే ముఖం చీకటి. డిజిటల్ సెన్సర్‌లో ప్రతి చుక్కా ఒక చిన్న బకెట్. నిండి పొర్లిపోయిన బకెట్‌లో ఏముండేదో తర్వాత ఎవరూ చెప్పలేరు. ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని వెనక్కి తేలేదు.

కలర్ నెగెటివ్ అట్లా కాదు. వెలుతురు ఎక్కువైనా చాలాసేపు ఓర్చుకుంటుంది. రెండు వారాల తర్వాత మామ ఫొటో వచ్చింది. అందులో ముఖం ఉంది, పంచె మడతలున్నాయి, తువ్వాలు అంచున ఎర్ర గీత కూడా ఉంది. నా ఫైలును కంప్యూటర్‌లో గంటసేపు సాగదీసినా అక్కడికి రాలేదు. వెలుతురు తగ్గించి తీసి తర్వాత నీడలు పైకి లేపి ఉంటే వచ్చేదని ఇప్పుడు తెలుసు. డిజిటల్‌కు తక్కువ వెలుతురు పెట్టి తర్వాత పెంచుకోవాలి, ఫిలింకు ముందే ఎక్కువ పెట్టాలి. ఎండ కరువు లేని మన సీమలో ఫిలిం ఇన్నేళ్లు హాయిగా బతికిందంటే ఆశ్చర్యం లేదు.

దుమ్ము సంగతి కూడా అక్కడే తెలిసింది. గాలిలో లెన్స్ మార్చా. సెన్సర్ మీద ఒక రేణువు కూర్చుంది. ఆ తర్వాతి ఫొటోలన్నిట్లో, ఆకాశంలో ఒకే చోట, ఒకే మచ్చ. ఫిలిం కెమెరాలో ప్రతి ఫొటోకూ కొత్త ఫిలిం ముందుకొస్తుంది కాబట్టి ఒక రేణువు పడినా చాలాసార్లు ఒక్క ఫొటోతో పోతుంది.

సాయంత్రం బెలూం గుహల్లో మాత్రం కథ తిరగబడింది. కొలిమిగుండ్ల దగ్గర, ఇప్పుడు నంద్యాల జిల్లా కిందికి వచ్చిన ఈ గుహల పొడవు 3229 మీటర్లు. సందర్శకులను అందులో సుమారు సగం దాకా పోనిస్తారు. లోపల ఉక్క, చెమట, పసుపు దీపాలు. నేను ఐఎస్ఓ 6400 పెట్టి నిలబడి తీసుకుంటూ పోయా. మామ రీలు 200 స్పీడుది. మధ్యలో మార్చడానికి లేదు, రీలు అయ్యేదాకా అదే. గోడకు ఆనుకుని, ఊపిరి బిగబట్టి, మూడంటే మూడు తీశాడు. వాటిలో రెండు కదిలిపోయాయి. మిగిలినది స్థిరంగానే వచ్చింది కానీ మొత్తం నారింజ రంగు, ఎందుకంటే ఆ ఫిలిం పగటి వెలుతురు కోసం చేసింది. నా వాటిలో తొంభై శాతం బాగున్నాయి. "ఇక్కడ నీదే గెలిచింది, ఒప్పుకున్నా" అన్నాడు మామ. మళ్లీ బయటికి రాగానే, "ఎన్ని తీసినావురా మొత్తం?" అన్నాడు.

"నాలుగొందల పన్నెండు మామా."

"యాడన్నా పెండ్లి జరిగిందా ఈడ?"

ఆయన ఆ రోజు తీసింది పద్నాలుగు.

ఒక్క క్లిక్కుకు 49 రూపాయలు

లెక్క కూడా చెప్పాలి, లేకపోతే ఇంజనీరు రాసినట్టుండదు. నాకైన ఖర్చు ఇది. రీలు దాదాపు వెయ్యి. ఇప్పుడు కర్నూలులో గానీ కడపలో గానీ మాకు తెలిసినవాళ్లెవరూ కలర్ రీలు కడగడం లేదు కాబట్టి బెంగళూరు ల్యాబ్‌కు పంపాలి. కడిగి, స్కాన్ చేసి ఇవ్వడానికి ఆరువందలు, కొరియర్ నూటయాభై. మొత్తం 1750, దాన్ని 36తో భాగిస్తే ఒక్క క్లిక్కుకు సుమారు 49 రూపాయలు. రెండు బొండాల ప్లేట్లు. ఈ అంకె తెలిశాక వేలు దానంతటదే ఆగుతుంది.

పైగా నా మొదటి రీలు మొత్తం ఖాళీగా వచ్చింది. ఫిలిం కొస పళ్లకు పట్టుకోలేదు. నేను మాత్రం 36 సార్లు లివర్ తిప్పి, 36 సార్లు నవ్వమని అందరికీ చెప్పా. మామ అప్పుడు నేర్పింది మీరూ గుర్తుపెట్టుకోండి: లివర్ తిప్పినప్పుడు ఎడమవైపు రివైండ్ గుండీ కూడా తిరుగుతోందా లేదా చూడాలి. తిరగకపోతే రీలు కదలడం లేదని అర్థం. పాత వస్తువులో ఎర్రర్ మెసేజ్ అంటే అదే.

ఇంతవరకు రాసి ఆపేసి ఉంటే ఇది మామూలు కెమెరా పోలికే. ఎండలో ఫిలిం, చీకట్లో డిజిటల్, డబ్బు విషయంలో కచ్చితంగా డిజిటల్. కానీ తిరుగు ప్రయాణంలో నేనొక పిచ్చి ప్రశ్న అడిగా. "మామా, నీ పాత నెగెటివ్‌లన్నీ ఏమైనాయి?"

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఏట్లో పోయినాయి" అన్నాడు.

కడిగిన ఫొటోలు, మునిగిన ఫొటోలు

2009 అక్టోబర్ 2. కర్నూలు వాళ్లకు ఆ తేదీ చెబితే చాలు. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి ఊళ్లోకి వచ్చిన రోజు. నాకప్పుడు పన్నెండేళ్లు, కడపలో టీవీ ముందు కూర్చుని అమ్మ ఏడుస్తుంటే చూశా. మామ వాళ్లు మేడెక్కి బతికారు. ఎఫ్ఎమ్2 మెడలో ఉంది కాబట్టి అదీ బతికింది. పాత ఊళ్లోని స్టూడియో నీళ్లలో ఉండిపోయింది. అప్పటికే మామ డిజిటల్‌కు మారి మూడేళ్లయింది. అంతకుముందు తీసిన పెళ్లిళ్లు, పుష్పవతి ఫంక్షన్లు, పేరంటాలు, స్కూలు గ్రూపు ఫొటోలు, అన్నిటి నెగెటివ్‌లు మూడు ట్రంకు పెట్టెల్లో నేల మీదే ఉన్నాయి.

నీళ్లు పోయాక పెట్టెలు తెరిస్తే ఒండ్రు. మామ చేతికొచ్చినన్ని తీసి మేడ మీద ఎండలో పరిచాడు. తడిసిన వస్తువును ఎండబెట్టడం కంటే సహజమైన పని ఏముంటుంది? ఫిలింకు మాత్రం అదే శాపం. ఫిలిం మీద బొమ్మ ఉండే పొర జెలటిన్. తడిస్తే ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. ఒకదాని మీద ఒకటి ఉండగా ఎండితే జిగురులా అతుక్కుంటుంది. నిజానికి తడిసిన నెగెటివ్‌లను ఎండనివ్వకుండా, శుభ్రమైన చల్లటి నీళ్లలోనే ఉంచి, ఒక్కొక్కటిగా విడదీసి కడిగి అప్పుడు ఆరేయాలి. ఫిలిం పుట్టిందే నీళ్లలో కదా. మనం "ఫొటోలు కడిగించడం" అనేది ఊరికే కాదు.

మామకు ఇది తెలియదా? తెలుసు. ఊరంతా బురదలో ఉండి, తాగడానికి నీళ్లు ట్యాంకర్లో వస్తున్న వారంలో నెగెటివ్‌లు కడగడానికి నీళ్లు అడిగే ముఖం ఎవరికుంటుంది? అతుక్కుపోయి అప్పడాల కట్టల్లా అయినవాటిని పారేశాడు. ఒక బిస్కెట్ డబ్బాకు సరిపడా మాత్రం ఎందుకో ఉంచుకున్నాడు.

అదే వారం ఆ ఇళ్లలో ఆల్బమ్‌లు కూడా పోయాయి. ఆల్బమ్ పెళ్లివాళ్ల ఇంట్లో, నెగెటివ్ స్టూడియోలో. వినడానికి రెండు కాపీలు. ఒకే ఏటి గట్టున ఉన్నందుకు రెండూ ఒకే రోజు పోయాయి. మా ఆఫీసులో డేటా సెంటర్లు వేర్వేరు ఊళ్లలో ఎందుకు పెడతారో కొత్తగా చేరినవాళ్లకు చెప్పేటప్పుడు నేను ఇప్పుడు కర్నూలు కథే చెబుతున్నా. 1994లో జరిగిన మా అమ్మ పెళ్లి ఆల్బమ్ మాత్రం చెక్కుచెదరలేదు, కడపలో మా జేజి బీరువాలో ఉంది కాబట్టి. ఆ పెళ్లి మామే తీశాడు. సొంత అక్క పెళ్లిలో ఆయన ఒక్క ఫొటోలోనూ లేడు.

నవ్వాలనిపిస్తే నవ్వండి, నాకు ఇంతకన్నా పెద్ద నష్టం చుక్క నీరు లేకుండానే జరిగింది. ఇంజనీరింగ్ నాలుగేళ్లూ, మొదటి ఉద్యోగం మొదటి రోజులూ, అన్ని ఫొటోలూ ఒక హార్డ్ డిస్క్‌లో పెట్టా. ఒక రోజు అది టిక్ టిక్ మంది, మళ్లీ తెరుచుకోలేదు. బ్యాకప్ ఎందుకు ముఖ్యమో జీతం తీసుకుని చెప్పేవాడిని, నాకు బ్యాకప్ లేదు. అందులో జేజి ఫొటోలున్నాయి. ఆమె 2019లో పోయింది. ఇప్పుడు నా దగ్గర ఉన్నది వాట్సాప్‌లో మా చెల్లికి పంపిన ఒక్క ఫొటో, పిండేసి చిన్నది చేసినది. దాన్ని పెద్దది చేయబోతే ముఖం గళ్లు గళ్లుగా విడిపోతుంది. నెగెటివ్ అతుక్కుపోతే కనీసం చేతిలో పట్టుకోవడానికి ఒక కట్ట ఉంటుంది. చచ్చిపోయిన డిస్క్‌ను పట్టుకుని ఏం చూస్తాం?

బిస్కెట్ డబ్బా

దసరా సెలవులకు కర్నూలు పోయా. డబ్బా తెరిచాం. 31 ముక్కలు, కొన్ని విడిగా, చాలావరకు రెండు మూడు కలిసి అతుక్కుని. ఉప్పునీళ్లు వాడితే తెల్లటి మరకలు పడతాయని పంపు నీళ్లు వద్దనుకుని, మెకానిక్ షాపు నుంచి బ్యాటరీ వాటర్ క్యాన్ తెచ్చా. ట్రేలో పోసి నానబెట్టాం. లాగకూడదు. గంటలు గంటలు ఆగాలి. అవే వదిలితే వదిలినట్టు. కొన్నిటికి పొర మొత్తం లేచి నీళ్లలో తేలింది, ఎవరి పెళ్లో తెలియకుండానే. నానబెట్టడంలో ఈ ప్రమాదం ఉంది. ముఖ్యమైనవి ఉంటే తెలిసినవాళ్ల చేతికివ్వండి, యూట్యూబ్ చూసి మొదలుపెట్టకండి. మా దగ్గర పోగొట్టుకోవడానికి ఇంక మిగిలిందేమీ లేదు కాబట్టి ధైర్యం చేశాం.

19 ముక్కలు చూడదగ్గట్టు వచ్చాయి. వాటిని ఫొటో తీసింది నా జెడ్ ఎఫ్‌సీ. లెన్స్ మాత్రం మామది, పాత ఫొటోలు కాపీ తీయడానికి స్టూడియోలో వాడిన 55 ఎంఎం మైక్రో. నికాన్ 1959లో పెట్టిన లెన్స్ పట్టీనే దానికీ ఉంది. ఒక అడాప్టర్ తగిలిస్తే కొత్త కెమెరాకు పట్టేస్తుంది. ఫోకస్, అపెర్చర్ చేత్తో తిప్పుకోవాలి, అంతే. కింద ట్యాబ్లెట్‌లో తెల్ల స్క్రీన్. నెగెటివ్‌ను స్క్రీన్‌కు ఆనించి పెడితే పిక్సెల్ గళ్లు పడతాయి, అందుకే రెండు అంగుళాల ఎత్తులో గాజు పలక మీద పెట్టాం.

రంగులు తిప్పడం అనుకున్నంత సులభం కాలేదు. నెగెటివ్‌ను ఊరికే తలకిందులు చేస్తే పెళ్లికూతురు నీలంగా వస్తుంది, ఎందుకంటే కలర్ నెగెటివ్ ఫిలింకు నారింజ రంగు ఛాయ ఉంటుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటినీ విడివిడిగా సరిచేయాలి. చిన్న పైథాన్ స్క్రిప్ట్ రాశా. మామ వెనక నిలబడి, "చీర ఇంకొంచెం ఎరుపు, అది కల్యాణం చీర" అంటూ సరిచేయించాడు. ఏ చీర ఏ రంగో ఇన్నేళ్లకూ ఆయనకు గుర్తుంది. పేర్లు గుర్తులేవు.

ఒక పెళ్లిని మాత్రం గుర్తుపట్టాడు. అదే వీధి. పెళ్లికొడుకు కొన్నేళ్ల కింద పోయాడు. ఆమె ఇప్పటికీ అక్కడే ఉంటుంది. కబురు చేస్తే సాయంత్రం వచ్చింది. ఫోన్లో చూపించా. తలంబ్రాలు పోసే ఫొటో, ఒక మూల ఒండ్రు మరక, మధ్యలో గీతలు. ఆమె భర్త ముఖం మీద ఆగుతుందనుకున్నా. ఆమె రెండు వేళ్లతో వెనక్కి జరిపి, ఎడమ చివర, సగం చీకట్లో నిలబడి ఉన్న ఒక పెద్దావిడను పెద్దది చేసింది.

"మాయమ్మ" అంది. "ఆయనవి ఆధార్ ఫొటో అదీ ఉన్నాయి నాయనా. మాయమ్మది ఒక్కటి గూడా లేదు. ఇంత వరకే పెద్దగ చేసియ్యగలవా?"

నెగెటివ్‌లో ఆ ముఖం శనగపప్పు కంటే చిన్నది. జేజి ఫొటో గళ్లు పడిన సంగతి గుర్తొచ్చి భయం వేసింది. రాత్రి ఆ మూల ఒక్కటే మళ్లీ దగ్గరగా తీసి, గీతలు సరిచేశా. బరకగా ఉంది, ఫిలిం గింజలు కనిపిస్తున్నాయి, కానీ గళ్లు పడలేదు. ముక్కుపుడక కూడా తెలుస్తోంది. పొద్దున కలర్ ల్యాబ్‌లో ఐదు బై ఏడు సైజులో ప్రింట్ తీయించాం.

ఆమె డబ్బులు ఎంతని అడిగితే మామ తల అడ్డంగా ఊపాడు. "ఆ పెండ్లికి అప్పుడే తీసుకున్నా కదమ్మా."

ఆ 19 ముక్కల ఫైళ్లు ఇప్పుడు నా ల్యాప్‌టాప్‌లో ఒక కాపీ, క్లౌడ్‌లో ఒకటి, కడపలో జేజి బీరువాలో పెన్ డ్రైవ్‌లో ఒకటి ఉన్నాయి. నెగెటివ్‌లు మామ దగ్గరే, ఈసారి మేడ మీద గదిలో. మిగిలిన ముఖాలెవరివో వీధిలో ఒక్కొక్కరినీ అడుగుతున్నాడు.

గండికోటలో తీసిన రీలు తర్వాత వేసిన రెండో రీలు ఎఫ్ఎమ్2లోనే ఉంది. ఇంకా ఏడు ఫొటోలు మిగిలున్నాయి. కడిగించడానికి పంపుదాం, ఇవ్వు మామా అంటే, అవి అయ్యేదాకా ఇయ్యను పోరా అంటున్నాడు.